బొరుసు కింద ఒక చిన్న అక్షరం

1889లో ముద్రించిన అమెరికా వెండి డాలర్లు రెండింటిని పక్కపక్కన పెట్టి చూడండి. బొమ్మ వైపు అదే స్త్రీమూర్తి ముఖం, బొరుసు వైపు రెక్కలు చాచిన అదే గద్ద. బరువు ఒకటే, వెండి ఒకటే, ఏడాది ఒకటే. అరిగిన నాణేలే అయినా ఒకదానికి అందులోని వెండి ధర మీద కొద్దిగా ఎక్కువ ఇస్తారు, రెండోదానికి వందల డాలర్లు ఇస్తారు. అదే కాస్త మెరుపు మిగిలి ఉంటే వేలకు వేలు పలుకుతుంది. తేడా అంతా గద్ద కింద ఉన్న ఆకుల దండ దగ్గర, దాని ముడికి దిగువన ఉన్న రెండు చిన్న అక్షరాల్లో ఉంది: సీసీ. అది నెవాడా రాష్ట్రంలోని కార్సన్ సిటీ టంకశాల గుర్తు. ఆ ఏడాది ఫిలడెల్ఫియాలో 2 కోట్ల 17 లక్షలకు పైగా డాలర్లు వేస్తే, కార్సన్ సిటీలో వేసినవి 3,50,000 మాత్రమే.

ఇలాంటి గుర్తులు మనకు కొత్త కాదు. జేబులోని రూపాయి మీద ఏడాది అంకె కింద నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలది. వజ్రం ఆకారం ఉంటే ముంబయిది, చుక్క ఉంటే నోయిడాది, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. అమెరికా వెండి డాలర్లకూ ఇదే పద్ధతి. మూల టంకశాల ఫిలడెల్ఫియా తన నాణెం మీద ఏ అక్షరమూ వేసుకోలేదు. శాఖలే తమ అక్షరం వేయాలి: న్యూ ఆర్లియన్స్‌కు ఓ, శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎస్, కార్సన్ సిటీకి సీసీ, డెన్వర్‌కు డీ.

ఈ గుర్తు పుట్టింది నాణేలు పోగుచేసేవాళ్ల కోసం కాదు, జవాబుదారీ కోసం. 1835 చట్టంతో శాఖా టంకశాలలకు దారి ఏర్పడింది. 1838 నుంచి వాటిలో నాణేలు పడసాగాయి. ఏటా ఫిలడెల్ఫియాలో ఒక పరీక్షా సంఘం కూర్చుని అన్ని టంకశాలల నాణేలనూ తూచి, కొన్నిటిని కరిగించి, వెండి బంగారాల పాళ్లు సరిచూసేది. ఎక్కడైనా తూకం తగ్గితే, వెండి పలచబడితే తప్పు ఏ శాఖదో ఆ అక్షరమే చెప్పేది.

అక్షరం పడే తీరు కూడా తెలుసుకోదగ్గది. శాఖలకు కావలసిన అచ్చులన్నీ ఫిలడెల్ఫియాలోనే తయారయ్యేవి. అచ్చు మీద మిగతా బొమ్మంతా యంత్రం మీద దిగినా, టంకశాల అక్షరాన్ని మాత్రం చిన్న ఉక్కు పోగరు పెట్టి సుత్తితో చేత్తోనే కొట్టేవారు. అందుకే ఒక నాణెంలో ఓ నిటారుగా ఉంటే మరొకదానిలో పక్కకు ఒరుగుతుంది. ఒకదానిలో ముడికి దగ్గరగా, మరొకదానిలో దూరంగా పడుతుంది. కార్సన్ సిటీలో ముద్రణ 1893తో ఆగిపోయింది. అక్కడి కోసం చేసిన అచ్చులు వెనక్కి వచ్చాయి. వాటిని పారేయకుండా సీసీ మీదే ఓ కొట్టి 1900లో న్యూ ఆర్లియన్స్‌కు పంపారు. ఆ ఏడాది ఓ నాణేలు కొన్నిటిని భూతద్దం కింద పెడితే ఓ చుట్టూ పాత సీసీ వంపులు ఇప్పటికీ కనిపిస్తాయి. ఇలాంటి నాణేనికి మామూలు 1900-ఓ కన్నా ధర ఎక్కువ.

అక్షరం ఎక్కడ వెతకాలో నాణెం రకాన్ని బట్టి మారుతుంది. జనం చేతుల్లో ఎక్కువగా కనబడేవి రెండు రకాలు. మొదటిది 1878 నుంచి 1904 వరకు, మళ్లీ 1921లో వేసిన మోర్గన్ డాలర్. ఇంగ్లండ్‌లో పుట్టి ఫిలడెల్ఫియా టంకశాలలో పనికి కుదిరిన శిల్పి జార్జ్ మోర్గన్ దీన్ని చెక్కాడు. స్వేచ్ఛామూర్తి ముఖానికి నమూనాగా కూర్చున్నది ఆ ఊరి ఉపాధ్యాయిని ఆనా విల్లెస్ విలియమ్స్. దీని అక్షరం బొరుసు వైపు, దండ ముడి కింద, డాలర్ అన్న మాటకు పైన ఉంటుంది. రెండోది పీస్ డాలర్. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి శాంతి కుదిరిందన్న గుర్తుగా 1921 చివర్లో మొదలై 1928 దాకా, తర్వాత 1934, 1935లో వచ్చింది. చెక్కినవాడు ఆంటొని డి ఫ్రాన్సిస్కి, నమూనా ఆయన భార్య టెరీసా. దీని బొరుసు మీద గద్ద రెక్కలు ముడుచుకుని కొండ మీద కూర్చుని ఉంటుంది. అక్షరం ఎడమ వైపు అడుగున, రెక్క కొసకు దగ్గరగా, వన్ అన్న మాట కింద ఉంటుంది. చాలా చిన్నది, అరిగిన నాణెంలో భూతద్దం లేకుండా దొరకదు. 1921 డెన్వర్ మోర్గన్‌లో డీ కూడా అంతే. అది కనబడక ఫిలడెల్ఫియాది అనుకునేవాళ్లు చాలామంది.

ఈ రెండిటికన్నా పాతవైన కూర్చున్న స్వేచ్ఛామూర్తి డాలర్లు 1840 నుంచి 1873 వరకు వచ్చాయి. తర్వాత ఆసియా వ్యాపారం కోసమే వేసిన ట్రేడ్ డాలర్ ఉంది. ఈ రెండిటిలోనూ అక్షరం గద్ద కిందే. 2021లో అమెరికా టంకశాల మోర్గన్ రూపంలోనే కొత్త నాణేలు విడుదల చేసింది. వాటిలో సీసీ, ఓ గుర్తులున్నవి ఫిలడెల్ఫియాలోనే ముద్రించినవి. అందుకని ఏడాది అంకె చూడకుండా అక్షరం ఒక్కటే చూసి సంబరపడకూడదు.

ఇప్పుడు లోహం సంగతి. మోర్గన్, పీస్ డాలర్లు రెండూ 26.73 గ్రాములు, 38.1 మిల్లీమీటర్ల అడ్డుకొలత. నూటికి తొంభై పాళ్లు వెండి, పది పాళ్లు రాగి. స్వచ్ఛమైన వెండి మెత్తన, చేతులు మారితే త్వరగా అరుగుతుంది. రాగి కలిస్తే గట్టిపడుతుంది. లెక్క వేస్తే ఒక్కో నాణెంలో 24 గ్రాములకు కాస్త పైన వెండి. ఆ రోజు పేపర్లో వచ్చిన గ్రాము వెండి ధరను 24తో గుణిస్తే నాణేనికి తగ్గకూడని ధర దాదాపుగా తెలిసిపోతుంది. ఎంత అరిగినా, ఎంత మామూలు ఏడాదిదైనా అసలు నాణెం అంతకన్నా చాలా తక్కువకు పోకూడదు. ఆపైన ఎంత అన్నదే అసలు విద్య.

చాలామంది ఇక్కడ తొందరపడతారు. ఎన్ని వేశారో పట్టికలో చూసి, తక్కువ వేసినది ఖరీదు, ఎక్కువ వేసినది చవక అని తేల్చేస్తారు. వెండి డాలర్ల విషయంలో ఆ లెక్క పదేపదే తప్పుతుంది. ఎన్ని వేశారన్నది కాదు, ఎన్ని మిగిలాయన్నదే ధర కట్టేది. ఎన్ని మిగిలాయో చెప్పే చరిత్రలో మన దేశానికీ పెద్ద భాగమే ఉంది.

1859లో నెవాడాలో కామ్‌స్టాక్ అనే గొప్ప వెండి నిక్షేపం బయటపడింది. కార్సన్ సిటీ టంకశాల 1870లో వెలిసింది ఆ గనుల అండనే. గనులవాళ్ల ఒత్తిడితో 1878లో బ్లాండ్-ఆలిసన్ చట్టం వచ్చింది. ప్రభుత్వం నెలనెలా 20 లక్షల నుంచి 40 లక్షల డాలర్ల విలువైన వెండి కొని నాణేలు వేయాలన్నది దాని సారం. అంత బరువైన నాణేలు జేబులో మోయడానికి జనం ఇష్టపడలేదు. వాటికి బదులు వెండి పత్రాలనే కాగితపు నోట్లు చెలామణి అయ్యాయి. నాణేలు వెయ్యేసి చొప్పున గుడ్డ సంచుల్లో కట్టి ఖజానా గదుల్లో దశాబ్దాల తరబడి పడి ఉన్నాయి.

మొదటి ప్రపంచ యుద్ధం వాటిని కదిలించింది. యుద్ధ సరుకుల కోసం భారతదేశం నుంచి బ్రిటన్ విపరీతంగా కొనుగోళ్లు చేసింది. వాటికి చెల్లింపులు వెండి రూపాయల్లో జరగాలి. వెండి కరవైంది. 1917 నవంబరు 30న మన దేశంలో మొదటిసారి ఒక రూపాయి కాగితపు నోటు వచ్చిందంటే కారణం ఇదే. నోటు ఇచ్చి వెండి రూపాయి అడిగే జనం బారులు తీరారు. ఖజానాలో వెండి అడుగంటుతోంది. అప్పుడు బ్రిటన్ అమెరికాను ఆశ్రయించింది. 1918 ఏప్రిల్‌లో పిట్‌మన్ చట్టం వచ్చింది. దాని కింద 27,02,32,722 వెండి డాలర్లను కరిగించారు. అందులో 25 కోట్ల 91 లక్షల డాలర్ల వెండిని ఔన్సు డాలరు చొప్పున బ్రిటన్‌కు అమ్మితే, అది ఓడలెక్కి మన దేశానికి వచ్చి బొంబాయి, కలకత్తా టంకశాలల్లో రూపాయిలుగా మారింది.

అప్పటి రూపాయి సరిగ్గా తులం బరువు, 11.66 గ్రాములు. అందులో అసలు వెండి 10.69 గ్రాములు. అంటే కరిగిన ఒక్కో డాలరు వెండితో రెండుంపావు రూపాయిలు వేయొచ్చు. ఐదో జార్జి బొమ్మతో 1918, 1919 నాటి వెండి రూపాయిలు మన ఇళ్లలో ఇప్పటికీ పూజ పెట్టెల్లో, ఇనప్పెట్టెల్లో ఉన్నాయి. వాటిలో చాలావాటిలో న్యూ ఆర్లియన్స్‌లోనో శాన్‌ఫ్రాన్సిస్కోలోనో ఒకప్పుడు డాలరుగా పుట్టిన వెండి ఉండే అవకాశం గట్టిగానే ఉంది. ఆ రూపాయి బొరుసు మీద అడుగున ఉన్న కమలం కింద చిన్న చుక్క ఉబ్బెత్తుగా కనిపిస్తే అది బొంబాయిది, లేకపోతే కలకత్తాది.

కరిగించినప్పుడు ఏ ఏడాది నాణేలు, ఏ టంకశాలవి ఎన్ని అన్న లెక్క ఎవరూ రాయలేదు. 1904 దాకా వేసిన మోర్గన్లలో సగానికి కాస్త తక్కువ భాగం అలా మూసల్లో కలిసిపోయింది. అందుకే వేసిన సంఖ్యల పట్టిక ఎంత చదివినా ఏమి మిగిలిందో తెలియదు. కరిగించినవాటికి బదులు అన్ని నాణేలూ మళ్లీ వేయాలని అదే చట్టం చెప్పింది కాబట్టి 1921లో మోర్గన్ అచ్చులు తిరిగి పని మొదలుపెట్టాయి. ఆ ఒక్క ఏడాదే 8 కోట్ల 67 లక్షలు వేశారు. ఈ రోజు అంగట్లో అన్నిటికన్నా సులువుగా దొరికే పాత వెండి డాలరు 1921 మోర్గన్ కావడానికి మూలం మన దేశపు వెండి కరవులో ఉంది.

మిగిలిన సంచుల కథ ఇంకా చిత్రం. 1903-ఓ నాణెం న్యూ ఆర్లియన్స్‌లో 44 లక్షల 50 వేలు వేశారు. అయినా అరవై ఏళ్లకు దగ్గరగా అది కనబడిందే అరుదు. అన్నీ కరిగిపోయాయనుకున్నారు. మచ్చలేని నాణేనికి 1962 నాటికి దాదాపు 1,500 డాలర్ల ధర నడిచేది. ఆ ఏడాది చివర్లో ఖజానావాళ్లు ఫిలడెల్ఫియాలో ఎప్పుడో ముద్ర వేసి మూసిన గది తెరిచారు. సంచులకు సంచులు 1903-ఓ నాణేలు బయటికొచ్చాయి. కొద్ది నెలల్లో ధర పదుల డాలర్లకు పడిపోయింది. ఆ వార్త విని జనం ఖజానా ముందు వరసలు కట్టి సంచులు మార్చుకుపోతుంటే, చివరికి 1964 మార్చిలో ప్రభుత్వం ఇవ్వడం ఆపేసింది. అప్పటికి లోపల మిగిలినవి సుమారు 30 లక్షలు, చాలావరకు కార్సన్ సిటీవే. 1884-సీసీ నాణేలు మొత్తం వేసినవి 11,36,000 అయితే అందులో 9,62,638 ఒక్క చేయీ తగలకుండా అక్కడే ఉన్నాయి. వాటిని 1972 నుంచి 1980 వరకు ప్రభుత్వమే అమ్మింది. సీసీ కనబడగానే అపురూపం అనుకోవడం సరికాదని ఈ ఒక్క నాణెమే రుజువు చేస్తుంది. 1884-సీసీ మచ్చలేకుండా దొరుకుతుంది, 1889-సీసీ అలా దొరకదు.

దీనికి పూర్తి తలకిందులు 1884-ఎస్. 32 లక్షలు వేశారు. పశ్చిమాన జనం వాటిని వాడుకున్నారు, చేతులు మారి అరిగాయి. అరిగిన 1884-ఎస్ పదుల డాలర్లకు దొరుకుతుంది. ముద్రించిన నాటి మెరుపుతో ఒక్కటి కనబడితే వేలల్లో, మేలు రకమైతే లక్షల డాలర్లలో పలుకుతుంది. ఇక 1893-ఎస్ వేసిందే లక్ష. అరిగిపోయినదానికి కూడా వేల డాలర్లు. ఉన్నవాటిలో అతి మేలైనది 2021లో 20 లక్షల డాలర్లకు పైగా అమ్ముడైంది. 1895 ఫిలడెల్ఫియా నాణెం సంగతి మరీ వింత. లెక్కల్లో 12,000 మామూలు నాణేలు రాసి ఉన్నాయి, ఒక్కటీ ఎవరికీ కనబడలేదు. సేకర్తల కోసం ప్రత్యేకంగా మెరుగు పెట్టి వేసిన 880 మాత్రమే ఆ ఏడాదికి ఆనవాలు. పీస్ డాలర్లలో తక్కువ వేసింది 1928 ఫిలడెల్ఫియాది, 3,60,649.

ఏడాది, అక్షరం చూశాక మూడోది స్థితి. అమెరికాలో నాణేల స్థితిని 1 నుంచి 70 వరకు అంకెలతో చెబుతారు. విలియమ్ షెల్డన్ 1949లో పాత రాగి సెంట్ల కోసం వేసిన కొలమానం అది. 60 నుంచి పైన చేతులు మారని నాణెం. మోర్గన్‌లో మొదట అరిగేది చెవి పైన జుట్టు, చెంప, గద్ద రొమ్ము ఈకలు. కానీ న్యూ ఆర్లియన్స్ నాణేల్లో చేతులు మారకపోయినా ఆ ఈకలు చదునుగా ఉంటాయి, ఎందుకంటే అక్కడ ఒత్తిడి చాలక అచ్చు పూర్తిగా దిగేది కాదు. అరుగుదలో, దిగని అచ్చో తేల్చుకోవాలంటే మెరుపు చూడాలి.

ఆ మెరుపులో మంచి భౌతికశాస్త్రం ఉంది. అచ్చుల మధ్య టన్నుల ఒత్తిడి పడినప్పుడు వెండి నడుమ నుంచి అంచులకు పారుతుంది. ఆ పారుడు నాణెం ఉపరితలం మీద కంటికి కనబడనంత సన్నని గీతలు మిగుల్చుతుంది. ఒక్క దీపం కింద నాణేన్ని నెమ్మదిగా అటూ ఇటూ వంచితే ఆ గీతల మీద పడ్డ కాంతి బండి చక్రం ఆకుల్లా తిరుగుతుంది. చేతులు మారిన నాణెంలో ఎత్తైన చోట్ల ఆ గీతలు ముందుగా పోతాయి, అక్కడ కాంతి తిరగదు, బూడిద రంగు మచ్చగా నిలిచిపోతుంది. అచ్చు దిగని చోట ఈకలు లేకపోయినా కాంతి మాత్రం తిరుగుతుంది.

కడగవద్దని పెద్దలు చెప్పేది ఇందుకే. పండుగ ముందు వెండి కుందులు, చెంబులు విభూతితోనో చింతపండుతోనో తోమడం మనకు అలవాటు. వస్తువులకు అది మంచిదే. నాణేనికి అదే తోముడు తగిలితే ఆ సన్నని గీతలు శాశ్వతంగా చెరిగిపోతాయి. తళతళలాడినా చచ్చిన మెరుపు, చూసినవాడు క్షణంలో పట్టేస్తాడు. వేల డాలర్ల నాణెం సగానికి, అంతకన్నా తక్కువకు పడిపోతుంది. నల్లబడటం కూడా లోపం కాదు. గాలిలోని గంధకపు వాయువులతో వెండి కలిసి సిల్వర్ సల్ఫైడ్ పొర ఏర్పడుతుంది. పొర అతి పలచగా ఉన్నప్పుడు దాని పైనుంచీ అడుగునుంచీ తిరిగొచ్చే కాంతి కలిసి బంగారు, ఎరుపు, నీలం రంగులు చూపిస్తుంది. దళసరి అయ్యాకే నలుపు. సంచి గుడ్డకు ఆనుకుని దశాబ్దాలు పడి ఉన్న మోర్గన్ల మీద ఇలా నెలవంక ఆకారంలో రంగులు పూస్తాయి. వాటికి ఎక్కువ ధర ఇచ్చేవాళ్లున్నారు.

ఇంత విలువ ఒక్క అక్షరం మీద వేలాడుతుంటే మోసం రాకుండా ఉండదు. ఫిలడెల్ఫియా 1889 నాణెం మీద సీసీ అతికిస్తారు. 1895-ఓ మీద ఓ గీకేసి 1895 అంటారు. 1898-ఎస్‌లో 8ని చెక్కి 3గా దిద్దుతారు. అతికించిన అక్షరం అడుగున భూతద్దానికి సన్నని అతుకు గీత, గీకిన చోట చుట్టుపక్కల లేని గరుకుదనం కనిపిస్తాయి. 1893-ఎస్‌కు మాత్రం దాని చరిత్రే కాపలా. లక్ష నాణేలకూ బొమ్మ వైపు ఒకే అచ్చు వాడారు. ఆ అచ్చులో తలపట్టీ మీద రాసిన లిబర్టీ అన్న మాటలో టి అక్షరం పైభాగాన ఏటవాలుగా సన్నని గీత ఒకటి పడి ఉంది. అసలు నాణెంలో అది ఉండాలి. మరీ అరిగితే తప్ప అది లేని 1893-ఎస్‌ను నమ్మకూడదు.

పూర్తిగా నకిలీగా పోసిన నాణేన్ని ఇంట్లోనే చాలావరకు పట్టుకోవచ్చు. అయస్కాంతానికి అంటుకుంటే నకిలీ అని అక్కడే తేలిపోతుంది. తూకం 26.73 గ్రాములకు దగ్గరగా ఉండాలి, అరుగుదలకు కొంచెం వదలొచ్చు. ఆ తర్వాత ఆర్కిమిడీస్ పరీక్ష. కంసాలి దగ్గరుండే చిన్న ఎలక్ట్రానిక్ తక్కెడ మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని నూలు దారంతో కట్టి, పూర్తిగా మునిగేలా, అడుగు తగలకుండా వేలాడదీయండి. తొంభై పాళ్ల వెండి నాణెమైతే తక్కెడ 2.6 గ్రాముల దగ్గర నిలుస్తుంది. అదే బరువున్న రాగి-నికెల్ నాణెమైతే 3 గ్రాములు చూపిస్తుంది. తర్వాత తుడవకుండా మెత్తటి గుడ్డ మీద ఆరనివ్వండి. అసలైన వెండితోనే చేసిన నకిలీలు ఈ పరీక్షకు చిక్కవు, వాటికి నిపుణుడి కన్నే కావాలి.

అమెరికాలో ఉన్న పిల్లలో బంధువులో తెచ్చిన వెండి డాలరు మీ ఇంట్లో ఉంటే ఈ వరసలో చూడండి: ఏ రకం, ఏ ఏడాది, బొరుసు మీద ఏ అక్షరం, మెరుపు ఎంత. నాణేన్ని ఎప్పుడూ అంచులు పట్టుకునే ఎత్తండి. 1889-సీసీ, 1893-ఎస్, మెరిసే 1884-ఎస్, 1895, 1928 లాంటిది తగిలితే ఊళ్లో వెండి కొట్టుకు తూకానికి పట్టుకెళ్లకండి. పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి ధ్రువీకరణ సంస్థలు నాణేన్ని పరీక్షించి, స్థితి అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఇస్తాయి. దానికయ్యే ఖర్చు కన్నా నాణెం విలువ ఎక్కువైతేనే పంపండి. 1921 మోర్గన్ అయితే అవసరం లేదు, ఉంచుకోండి, ఎప్పటికైనా 24 గ్రాముల వెండి ధర దానికి ఉంటుంది. ఏదైనా సరే, తోమకండి.